ఆదోనిలో ఆగిన విమానం

బొంబాయి నుంచి మద్రాసుకు విమానం ఎంతసేపట్లో పోతుందని ఇప్పటి పిల్లల్ని అడగండి, రెండు గంటలు కూడా పట్టదని ఠక్కున చెప్పేస్తారు. మధ్యలో ఎక్కడ ఆగుతుందని అడిగితే మాత్రం మిమ్మల్ని పైనుంచి కిందికి చూస్తారు. ఎక్కడా ఆగదట. గాల్లో పోయేది ఎలా ఆగుతుందట.

అబ్బాయిలూ, మీరు పుట్టకముందు ఒకసారి ఆగింది. ఆదోనిలో ఆగింది. ఆపినవాళ్ళం మేమే. దీనికి సాక్షులు ఇంకా నలుగురు బతికి ఉన్నారు. అందులో ముగ్గురు నాకంటే ఎక్కువ కోతలు కోస్తారు కాబట్టి వాళ్ళ దగ్గరికి పోవద్దు. నాలుగో ఆయన మా మామ. ఆయన ఈ విషయం ఎత్తితే మాట్లాడడు, లేచి పోతాడు. అందువల్ల మీకు దిక్కు నేనే.

నేను ఆదోనిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తాగా చేశాను. నా వయసు చూసి అప్పుడే రిటైరయ్యారా అని అడుగుతారు కొందరు. నేను కాలేదు, నా ఉద్యోగం నాకంటే ముందే రిటైరైంది. ఆ మిల్లు పొగగొట్టం ఎంత ఎత్తంటే, దాని నీడ పొద్దున సిరుగుప్ప దాకా పోయి నాలుగు కన్నడం మాటలు నేర్చుకుని, సాయంత్రానికి ఎమ్మిగనూరు వైపు తిరిగి వచ్చేది. అయితే నేను చేరేనాటికి ఆ గొట్టంలోంచి పొగ రావడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆవిరి ఇంజను పోయి కరెంటు మోటార్లు వచ్చాయి. బాయిలర్ చల్లారింది. గొట్టంలో పావురాలు కాపురాలు పెట్టి, మనవల్ని ఎత్తి, వాళ్ళకు పెళ్ళిళ్ళు కూడా చేశాయి.

బాయిలర్‌తో పాటు చల్లారాల్సిన మనిషి ఒకాయన ఉండేవాడు. మేమంతా ఆయన్ని చాచా అనేవాళ్ళం. బాయిలర్ ముందు నిలబడి సగం ఆయుష్షు కాల్చుకున్నాక ఆయన్ను గేటు కాపలాకు మార్చారు. కాపలా ఆయన మనసుకు ఎక్కలేదు. ప్రతి శుక్రవారం నమాజు నుంచి వచ్చి, నిప్పులేని ఆ బాయిలర్ పిడిని పెళ్ళికూతురి చెయ్యి పట్టుకున్నంత మర్యాదగా పట్టుకుని నూనెగుడ్డతో తుడిచేవాడు.

"ఎందుకు చాచా? ఇది మళ్ళా మండేది లేదు గదా?" అంటే,

"మండకపోతే ఏంది బేటా, అది సచ్చిపోయిందని నీకెవుడు సెప్పినాడు? పండుకోనుండాది" అనేవాడు.

మిల్లు యజమాని చిన్న సేటు. తల నెరిసినా చిన్న సేటే, ఎందుకంటే మిల్లు పెట్టిన పెద్ద సేటు ఆయన తండ్రి. ఈయన పుట్టి పెరిగింది ఆదోనిలోనే. మిల్లు ఆవరణలో పత్తి కుప్పల మీద దొర్లి, చాచా జొన్నరొట్టెలో వాటా లాక్కుని పెరిగాడని చెప్పుకునేవాళ్ళు. తరువాత బొంబాయి పోయి అక్కడి వ్యాపారంలో మునిగాడు. నేను చేరాక ఆయన ఒక్కసారి కూడా ఆదోని రాలేదు. నాకు ఆయన ముఖం తెలియదు. మేనేజరు గారి గదిలో ఉన్న ఫోటోలో ఆయనకు ఆరేళ్ళు, తలకు జరీ టోపీ.

ఇక మా మామ. ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. ఆయన నేసిన దుప్పటి కప్పుకుంటే మీ మనవడు కూడా దాన్నే కప్పుకుంటాడు, అంత గట్టిది. తన కూతుర్ని నాకెందుకిచ్చాడంటే, "మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని కూకునేటోడు వద్దు, మిల్లులో కుర్చీ ఉండేటోడు కావాల" అని. అంటే నాకు పిల్లనిచ్చింది నన్ను చూసి కాదు, కుర్చీని చూసి. విమానం ఆగడానికి ముందటి ఏడాదే మా పెళ్ళయింది.

ఆ ఆషాఢంలో, పత్తి సీజను ముగిసి మిల్లు నిద్రపోతున్న రోజుల్లో, బొంబాయి నుంచి ట్రంకు కాలు వచ్చింది. మేనేజరు గారు గుంటూరు వైపు మనిషి. ఫోన్లో ఆయన అరుపులకు ఫోను అక్కర్లేకుండానే బొంబాయికి వినిపించి ఉంటుంది. మాట్లాడి బయటికి వచ్చేసరికి ముఖం నానబెట్టిన అటుకుల్లా ఉంది.

"ఏవయ్యా, మనం మునిగిపోయాం. సేటు గారు గురువారం విమానంలో మద్రాసు వెళ్తున్నారు. అక్కడ ఎవరో పార్టీ మన మిల్లు కొని, మిషన్లు పీకేసి, గోడౌన్లు కట్టుకుంటారట. 'దారిలో పైనుంచి మిల్లు చూస్తాను. ఆడుతూ ఉంటే ఉంచుతా, పడుకుని ఉంటే అమ్మేస్తా' అన్నారు."

"ఆషాఢంలో ఏ మిల్లు ఆడుతుంది సార్?"

"ఆ ముక్క నేనూ అన్నానయ్యా. అప్పటికే లైను కట్టయింది."

నా కళ్ళ ముందు నా కుర్చీకి కాళ్ళు వచ్చి నడిచి వెళ్ళిపోతున్నట్టు కనబడింది. దాని వెనకాలే నా భార్య పెట్టె సర్దుకుని పోతోంది.

ఆ మధ్యాహ్నమే పత్తి తూచే కాటా దగ్గర మీటింగు జరిగింది. మేనేజరు గారు, కార్మికులు, హమాలీలు, చాచా, నేను. గురువారం నాడు విమానం మీదుగా పోయే ఆ నిమిషానికి మిల్లు మహా జోరుగా ఆడుతున్నట్టు కనబడాలి. దానికేం కావాలో ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. పత్తి కుప్పలు కనబడాలి. బండ్లు తిరగాలి. అన్నిటికంటే ముఖ్యమైనది చాచా చెప్పాడు.

"పొగ రావాల. పొగ లేని మిల్లు పైనుంచి సూస్తే మిల్లా, గోరీల దొడ్డా? నాకు మూడు బండ్ల వేరుశనగ పొట్టు, నాలుగు పాత టైర్లు ఇప్పియండి. మిగతాది నాకు ఇడిసిపెట్టండి."

ఆ మాటతో ఆయన వయసు ఇరవయ్యేళ్ళు తగ్గింది. మేనేజరు గారు కుర్చీలోంచి లేచి చాచా చెయ్యి పట్టుకున్నారు. కరెంటు మోటార్ల మిల్లుకు పొగ ఎందుకొస్తుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. అంతమంది ఒకేసారి ఒకే విషయం మరిచిపోవాలంటే ఎంత ఐకమత్యం కావాలో ఆలోచించండి.

పత్తి కుప్పలకు పత్తి లేదు. అప్పుడే మా మామ గుర్తొచ్చాడు. ఎమ్మిగనూరు బస్సెక్కి పోయి కాళ్ళు పట్టుకున్నాను. రంగులు వేయని తెల్ల దుప్పట్లు ఒక బండెడు కావాలి, చొప్ప కుప్పల మీద కప్పుతాం, పైనుంచి పత్తిలా కనబడుతుంది అన్నాను.

"నా దుప్పట్లు ఆకాశానికి సూపిచ్చాలనా?"

"మామా, కుర్చీ పోతాది."

ఆయన ఒక నిమిషం మగ్గం ఆపాడు. ఆ మగ్గం అంతకుముందు ఆగింది వాళ్ళ నాయన చనిపోయిన రోజేనట.

"తీస్కపో. ఒక్క మరక బడిందంటే మాత్రం సూడు, కూతుర్ని గాదు, నిన్నే వాపసు పంపిస్తా."

ఇక అసలు చిక్కు వచ్చింది. ఆ నిమిషం ఏది? ఆదోని మీదుగా విమానాలు పోవడం మాకు తెలుసు. చెవికి వినబడేవి గానీ మబ్బుల్లో కంటికి దొరకవు. దొరికినా ఏది బొంబాయిదో, ఏది బెంగుళూరుదో తెలియదు. బస్సుకైతే ముందర బోర్డు ఉంటుంది. పొద్దంతా పొగ వేద్దామంటే పొట్టు చాలదు. అందుకని లెక్క కట్టే పని గుమాస్తానని నామీద పడింది.

రైల్వే టైం టేబుల్లో బొంబాయి నుంచి మద్రాసుకు ఎంత దూరమో ఉంది. కానీ రైలు ఊరూరా పలకరించుకుంటూ, వంపులు తిరుగుతూ పోయే మనిషి. విమానం అలా పోదు. పక్క బడి నుంచి దేశ పటం తెప్పించి కాటాకు వేలాడదీశాం. దుప్పట్ల వెంట కాపలా వచ్చిన మా మామ, రొంటిన ఉన్న నూలుపోగు తీసి, ఒక కొస బొంబాయి మీద పెట్టించి, రెండో కొస మద్రాసు మీద బిగబట్టాడు. పోగు ఎక్కడ పోతుందో అని అందరం తలలు దూర్చాం.

పోగు సరిగ్గా ఆదోని మీద పడింది! పక్కకు కాదు, పొలిమేరలో కాదు, ఊరి పేరు మీదే. మిల్లంతా ఈలలు. హైదరాబాదుకు దక్కని భాగ్యం, కర్నూలుకు దక్కని గౌరవం, బొంబాయి-మద్రాసు ఆకాశమార్గంలో ఊరంటే ఆదోనే.

"సగం దాటినాక ఇంకొంచెం ముందర ఉండాది" అన్నాడు మామ పోగును కొలిచి. విమానం మధ్యాహ్నం బొంబాయిలో ఎప్పుడు లేస్తుందో మేనేజరు గారికి తెలుసు. మొత్తం ప్రయాణం రెండు గంటలకు తక్కువే కాబట్టి, లేచిన గంట తరువాత కాస్త అటూ ఇటూగా మా నెత్తిమీద ఉండాలి. నేను ఆ లెక్కను పది కాగితాల మీద పది రకాలుగా కట్టాను, పది జవాబులు వచ్చాయి. బాగున్నదాన్ని ఎంచుకున్నాను.

చాచా ఒక్కడికే అనుమానం తీరలేదు.

"అంతా బాగుండాది గానీ, గుంతకల్లులో ఎంతసేపు ఆగుతాది?"

"విమానం గుంతకల్లులో ఆగదు చాచా."

"గుంతకల్లులో ఆగని బండి యాడుండాదిరా? నీళ్ళు పట్టుకోవద్దా?"

"ఆగినా మనకేమి? గుంతకల్లు మన తరువాత కదా."

"ఆఁ, అట్లయితే సరే. నీ లెక్క కరెక్టే" అని ఒప్పుకున్నాడు. ఆయన ఒప్పుకున్నది ఆ ఒక్క కారణానికే.

గురువారం వచ్చింది. చాచా పొద్దున్నే తల స్నానం చేసి, అత్తరు పూసుకుని బాయిలర్ గదిలోకి పోయాడు. మధ్యాహ్నం దాటాక నిప్పు అంటించిన కాసేపటికి గొట్టంలోంచి ముందు పావురాలు వచ్చాయి. మూడు తరాల పావురాలు, తిట్లు తిడుతూ. తరువాత దగ్గు లాంటి శబ్దం. ఆ వెనక పొగ. టైర్ల పొగ, పొట్టు పొగ, అన్నేళ్ళ మసి, అన్నీ కలిసి కాటుక కొండలా లేచాయి. ఆషాఢం గాలి దాన్ని పట్టుకుని స్టేషను మీదికి, కొండ మీదికి, దేవరగట్టు దాకా పరిచింది. ఆ రోజు హొళగుందలో కోళ్ళు రాత్రయిందని గూళ్ళకు పోయాయని విన్నాను. నేను చూడలేదు కాబట్టి చెప్పను.

ఆవరణలో పన్నెండు ఎద్దుల బండ్లు. మార్కెట్ యార్డు నుంచి బతిమాలి తెచ్చినవి. వాటి నిండా చొప్ప, చొప్ప మీద మా మామ దుప్పట్లు. ఒక గేటులో దూరి, ఇంకో గేటులో బయటపడి, మళ్ళీ మొదటి గేటుకు వచ్చేవి. పైనుంచి చూసేవాడికి తెగని వరస. నాలుగో చుట్టుకు ఎద్దులకు విషయం అర్థమైపోయింది. ముందు బండిలోని చొప్పను వెనక ఎద్దులు దుప్పటి కిందినుంచి లాక్కుని తింటూ నడిచాయి.

మేనేజరు గారు సమయం అయిందన్నారు. అందరం పైకి చూశాం. కార్మికులు, బండ్ల వాళ్ళు, రోడ్డు మీద పోయేవాళ్ళు, మిరపకాయ బజ్జీలమ్మే ఆమె, అందరి మెడలూ పైకే. విమానం రాలేదు.

ఇంకాసేపు చూశాం. రాలేదు. మేనేజరు గారు నా వైపు తిరిగారు.

"ఏవయ్యా, నీ లెక్క?"

"వస్తాది సార్. ఎదురుగాలి ఉండొచ్చు."

"పొట్టు అయిపోతోందయ్యా!"

"చాచా, ఇంకొంచెం పొగ!" అని నేను అరిచాను. చాచా తన తోలు చెప్పులు కూడా బాయిలర్లో వేశాడు. పొగ ఇంకా చిక్కబడింది. ఇప్పుడు విమానం వచ్చినా మాకు కనబడదు, మేమూ దానికి కనబడం. ఆ సంగతీ అప్పుడు తట్టలేదు. పైనుంచి మసి పడుతోంది. తెల్ల దుప్పట్ల మీద మొదటి నల్ల చుక్క పడినప్పుడు మా మామ నావైపు ఒక చూపు చూశాడు. నేను ఆకాశంలోకి చూపు తిప్పుకున్నాను. పోతే విమానం వైపే పోవాలి గానీ మామ వైపు పోయే ధైర్యం లేదు.

బొంబాయి-మద్రాసు మెయిలు వచ్చి స్టేషన్లో ఆగిన కూత వినబడింది. రోజూ వచ్చేదే కదా, ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి గేటులోంచి ఒక పెద్దమనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు. చంకలో గొడుగు, చేతిలో సూట్‌కేసు, జుట్టంతా మసి, ఒక చెప్పు లేదు.

"నీళ్ళు! నీళ్ళు తెండి రా! నీళ్ళు!" అని అరుస్తున్నాడు.

పాపం, దాహంగా ఉన్నాడు ప్రయాణికుడు. చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చాను. ఆయన చెంబు వైపు చూశాడు, నావైపు చూశాడు.

"తాగి పక్కకు జరగప్పా, బండ్లొస్తాండాయి. మా సేటు వచ్చే టయిమయింది" అన్నాను.

"సేటా? యాడ?"

"పైన" అని చూపించాను. ఆయన కూడా తలెత్తి పైకి చూశాడు. ఇద్దరం పక్కపక్కన నిలబడి కాసేపు పొగను చూశాం.

"నిప్పంటుకోలేదా?" అన్నాడు మెల్లగా.

"నిప్పెందుకంటుకుంటాది? చాచా వేస్తాండాడు పొగ."

చాచా పేరు విన్నవెంటనే ఆయన చెంబు నా చేతిలో పెట్టి బాయిలర్ గది వైపు పరిగెత్తాడు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని చాచా బయటికి వచ్చాడు. కళ్ళు, పళ్ళు తప్ప తక్కినదంతా నలుపు. ఇద్దరూ ఎదురుపడి నిలబడిపోయారు.

"నీకేం కాలేదు గదా చాచా?"

చాచా ఆ మనిషిని తేరిపార చూశాడు. తరువాత ఆదోని కోట గోడ కూడా అదిరేలా అరిచాడు.

"చిన్న సేటూ! పొగ జూసి విమానం ఆపిచ్చి దిగినావా నాయనా!"

నా చేతిలోంచి చెంబు జారి మేనేజరు గారి కాలి మీద పడింది. అది ఆయనకు తెలియలేదు. అప్పటికే ఆయన నోరు తెరుచుకుని స్తంభంలా ఉన్నారు. బండ్లు ఆగాయి. ఎద్దులు మాత్రం మేత ఆపలేదు.

జరిగిందేమిటంటే, బొంబాయిలో రెండు రోజులుగా కుండపోత. గురువారం విమానం లేస్తుందో లేదో చెప్పలేమన్నారు. మద్రాసులో పార్టీ కాచుకుని ఉంది. అందుకని సేటు ముందు రోజు రాత్రే మెయిలెక్కాడు. కిటికీ తలుపులు దించుకుని, ఆదోని దాటేదాకా పడుకోవాలనుకున్నాడు. కోసిగి స్టేషను దాటాక పెట్టెలో గోల మొదలైంది, ఆదోనిలో ఏదో తగలబడుతోందని. కిటికీ ఎత్తితే తన మిల్లు గొట్టం. కరెంటు మోటార్లు పెట్టించింది ఆయనే, ఆ గొట్టంలో పొగ రాదని లోకంలో అందరికంటే బాగా తెలిసింది ఆయనకే. పొగ వస్తోందంటే మిల్లు అంటుకున్నట్టే కదా. అందుకే రైలు పూర్తిగా ఆగకముందే దూకాడు. రెండో చెప్పు ఆ రైల్లోనే మద్రాసు పోయింది.

సేటు నడుచుకుంటూ వెళ్ళి ఒక బండి మీది దుప్పటి ఎత్తాడు. చొప్ప. ఇంకో బండి. చొప్ప.

"ఏందప్పా ఇదంతా?"

మేనేజరు గారు నన్ను ముందుకు తోశారు. నేనే చెప్పాను. పటం, పోగు, లెక్క, దుప్పట్లు, అన్నీ. చెబుతున్నకొద్దీ నాకే వినబుద్ధి కాలేదు. సేటు నవ్వలేదు, కోప్పడలేదు. కాటా బల్ల మీద కూర్చున్నాడు. మెయిలు ఎప్పుడో వెళ్ళిపోయింది.

పొద్దు వాలేటప్పుడు చాచా ఇంటి నుంచి జొన్నరొట్టె, వేరుశనగ పొడి వచ్చాయి. సేటు రొట్టె తుంచుతూ మేనేజరు గారి వైపు చూడకుండా అన్నాడు.

"నేను శానాసార్లు పోయినా ఆ విమానంలో. పైనుంచి సూస్తే ఆదోని ఏం గనపడ్తాదప్పా? ఎర్రమన్ను గనపడ్తాది. మబ్బులు గనపడ్తాయి. మిల్లు యాడ గనపడ్తాది?"

"మరి చూస్తానన్నారు కదండీ?" అన్నారు మేనేజరు గారు.

"కనపడదనే అన్నా. కిందికి దిగితే మీ మొగాలు సూడాల. చాచా మొగం సూడాల. సూసినాక ఎట్లమ్మేది?"

అందరి ముఖాలూ మసితో ఉన్నాయి. సేటు వాటిని ఒక్కొక్కటిగా చూశాడు. చూడకూడదనుకున్నవన్నీ చూసేశాడు, మసి పూసినవైనా సరే.

అప్పుడు పైనుంచి మోత వినబడింది. గాలికి పొగ చెదిరిపోయి ఆకాశం తేటపడింది. పడమటి వెలుగులో వెండి సూదిలా ఒక విమానం, సరిగ్గా మా నెత్తిమీద, మామ పోగు పట్టిన దారిలోనే మద్రాసు వైపు పోతోంది.

సేటు గడియారం చూసుకున్నాడు. "అదే నాది. వాన తగ్గినట్టుండాది, ఆలస్యంగా లేసింది."

నా లెక్క తప్పు కాలేదని నేను ఎగిరి గంతేశాను. ఎవరూ పట్టించుకోలేదు. చాచా లేచి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని విమానం కనుమరుగయ్యేదాకా చూశాడు.

"సూడండి రా! సేటును ఈడ దింపేసి, ఇప్పుడు పోతాండాది!"

రైలు, వాన, చెప్పు, అన్నీ సేటు స్వయంగా చెప్పినా చాచా నమ్మలేదు. విమానం దిగడం ఆయన చూడలేదు నిజమే, కానీ రైలు దిగడం మాత్రం ఎవరు చూశారు? అందరం పైకే కదా చూస్తున్నాం.

ఆ రాత్రి సేటు మిల్లులోనే, మసి పట్టిన మా మామ దుప్పటి పరుచుకుని పడుకున్నాడు. మద్రాసు పార్టీ కాచి కాచి వెళ్ళిపోయింది. ఆ సీజనుకు మిల్లు ఆడింది. ఆ తరువాత సీజనుకూ ఆడింది. అలా ఎనభైలు సగం గడిచేదాకా ఆడి, అప్పుడు అలిసిపోయి ఆగింది. ఆ లోపల నా పిల్లలు బడిలో చేరారు. ఎమ్మిగనూరులో పండుగకు పోయినప్పుడు మామ నాకు తెల్ల దుప్పటి ఇవ్వడం మానేశాడు. నల్లదే ఇచ్చేవాడు.

సేటు మాత్రం మద్రాసు పోవాల్సి వచ్చినప్పుడల్లా రైల్లోనే పోయేవాడు. ఆదోనిలో దిగి, చాచా రొట్టె తిని, మర్నాటి మెయిలు పట్టుకునేవాడు. ఒకసారి మేనేజరు గారు ఉండబట్టలేక అడిగారు.

"ఒక పూటలో తేలిపోయే ప్రయాణానికి ఇన్ని రోజులెందుకండీ? విమానంలో వెళ్ళొచ్చుగా?"

"విమానమైతే ఆదోనిలో ఆగదు గదప్పా" అన్నాడు సేటు.

గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న చాచా తల తిప్పాడు. బాయిలర్ వైపు ఒకసారి, ఆకాశం వైపు ఒకసారి చూశాడు.

"ఎందుకాగదు చిన్న సేటూ? ఎక్కే ముందర ఒక్క మాట సెప్పి పంపియ్, సాలు. నేను పొగేస్తా."